నాలుగు గంటల పది నిమిషాలు

మాదన్నపేట, 1979. పెద్ద పెద్ద కంపెనీల కేసులు చూసే వకీళ్ల ఆఫీసులో గుమాస్తా ఇస్సాకు. ఆయన ఇంటికి ఆగమ్మ వచ్చింది.

"పదేండ్ల కింది ముచ్చట ఇప్పుడెందుకు చెల్లె? చాయ్ తాగు."

"చాయ్ వద్దన్నా. నా బిడ్డ నీలమ్మకు ఇప్పుడు ఇంగ్లీషొచ్చింది. కేసప్పుడు ఇచ్చిండ్రని పెట్టెల దాసిన కాయితం నిన్న చదివి చెప్పింది. బాయిలర్ పేలింది ఫ్యాక్టరీ తప్పు కాదు, తన తప్పేనని వాళ్ల నాయిన ఒప్పుకున్నట్టు ఉన్నదట."

"గది అయిపోయిన కేసు."

"కేసు గురించి అడుగుతలేను. సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు దవాఖానల చదివి ఇనిపిచ్చినం, సమజైందన్నడు, ఏలిముద్ర ఏసిండు అని ఉన్నది. కింద నీ దస్కత్. నిజమేనా?"

"మాది ఆషామాషీ ఆఫీసు కాదు. బొంబాయిల పెట్టి యాభై ఏండ్లాయె. ఢిల్లీ, కలకత్తా, మద్రాసు, యాడికి పోయినా ఒక్కటే రూలు. మనిషికి చదివి ఇనిపియ్యాలె, గడియారం చూసి టైం రాయాలె."

"అయితే ఇన్నడా?"

"ఇన్నడు."

"కండ్లు తెరిసిండా?"

"ఆ... తెరిసిండు."

"ఏమన్న అన్నడా?"

"గదే... నిన్నే అడిగిండు. ఆగమ్మ ఏదని."

"నన్నడిగిండా?"

"ఏడుస్తవేంది? నీ మనసు సల్లవడతదని చెప్తే..."

"మూడు గంటలకే అయిపోయిందన్నడన్నా డాక్టరు! నేను ఆయన చెయ్యి ఇడిసి, తెల్లబట్ట తేనీకి చార్మినార్ దిక్కు పోయిన. అంటే పానముండంగనే ఇడిసి పోయిన. పొద్దుగూకంగ కాష్టం మీద... అయ్యో, పానముండంగనేనా?"

"జర ఇను చెల్లె."

"నిన్న రాత్రంత నిద్ర లేదు. కాష్టంలకెల్లి నన్ను పిలుస్తున్నట్టే ఉన్నది."

"పిలవలే."

"ఇప్పుడే అడిగిండంటివి గద!"

"అబద్ధం చెప్పిన. బొంబాయికెల్లి మూడున్నరకు ఫోనొచ్చింది. ఎట్లనన్న జేసి ముద్ర కావాలె అన్నరు. నేను ఉరికొచ్చేసరికి... చదివింది లేదు, ఇన్నది లేదు. మీద కప్పిన బట్ట తీసి, ఏలు నేనే పట్టుకొని ఒత్తిన. చెయ్యి సల్లగుండె. టైమొక్కటే నిజం రాసిన, అలవాటు కొద్ది. నా నౌకరీ పోతే పోనీ, కోర్టుకొచ్చి చెప్త."

"కోర్టొద్దన్నా. నువ్వొచ్చేటాల్లకే సచ్చిపోయిండని ఇంకొక్కసారి చెప్పు."