ఐలవ్వ గిన్నెల పోయిన సొరకాయ

పోశాగౌడు నడుముకు ముస్తాదు అందుతలేదంట. ముస్తాదంటే తెలుసుగదా, కల్లు కోసం తాళ్ళు గీసేటోళ్ళు నడుముకు కట్టుకునే పట్టా, కత్తులు అందుల్నే పెట్టుకుంటరు, అది లేనిది చెట్టెక్కుడు లేదు. పెండ్లికి ముందట నిమ్మళంగ పట్టేది. పెండ్లయి ఏడాది తిరిగేసరికి ఈ కొసకు ఆ కొసకు నడుమ నాలుగు వేళ్ళ సందు. ఊపిరి బిగబట్టినా అందదు, అనుకో. ఎందుకు అందుతది? కనకవ్వ వచ్చింది గదా ఆ ఇంటికి. ఆమెకు మొగుడంటే పానం. ఆయన చెట్టెక్కుతుంటే మోకు తాటిబోదెకు సర్రుసర్రున గీసుకుంటది చూడు, ఆ సప్పుడు ఇనుకుంట వాకిట్ల నిలబడేదంట. సప్పుడు ఆగితే ఈమె పానం ఆగేది, మల్ల మొదలైతే మల్ల మొదలయ్యేది. గంత ప్రేమను ఏం జేస్తది, ఎక్కడ పెడ్తది? బువ్వల పెట్టింది. నెయ్యి పోసింది, గారెలు కాల్చింది, ఇంకో ముద్ద ఇంకో ముద్ద అన్నది. ఆయన వద్దనలేదు. ఇగ నడుమేమంటది?

అయితే ఏమైందంటే, కులపెద్దలు పిలిచిండ్రంట. "అరె పోశా, కాటమయ్య పండుగకు నలభై దినాలున్నది. ఆనాడు మొదటి చెట్టు ఎక్కితివా, నీ నాయిన చెట్లు నీయే. ఎక్కకపోతివా, వరసకు నీ తమ్ముడు చంద్రాగౌడుకు ఇస్తం. కోపం జేసుకోకు" అన్నరు. చంద్రాగౌడంటే చిన్నాయిన కొడుకు, పక్కిల్లే. ఆయనా లావే, గానీ ఆయన ముస్తాదు వాళ్ళ తాతది, పెద్ద కొలత. రొప్పుకుంటనో రోజుకుంటనో ఎక్కుతడు. కనకవ్వకు రెండు పూటలు అన్నం సయించలేదంట. చెట్లు పోతే బతుకుదెరువు పోతది, అది సరే. ఆ సర్రుసర్రు సప్పుడు గూడ పక్కింటిదైతది గదా, అది తట్టుకునేదెట్ల?

దవాఖాన నర్సమ్మ దగ్గరికి తోలుకపోయింది. నర్సమ్మ తూకం జూసి, "కనకవ్వా, రాత్రి పూట అన్నం కుప్ప పెట్టకు. ఒక్క జొన్నరొట్టె, దాని నిండ కూరగాయ. సొరకాయ, బీరకాయ, గోరుచిక్కుడు, ఆకుకూర, ఏదైనా సరే, నూనె ఒక్క చెంచా. నువ్వు వండేదాంట్ల క్యాలరీలు తక్కువుండాలె" అన్నదంట. క్యాలరీలంటే ఏందమ్మా అన్నది ఈమె. "తిండిల ఉండే శక్తి. ఖర్చు కాకుంటే ఒంట్ల కొవ్వయి కూసుంటది. నూనెల మస్తు, సొరకాయల తక్కువ." ఇంటికొచ్చి కనకవ్వ సొరకాయను రెండు చెక్కలు జేసి, ఎలుగుల పెట్టి జూసింది. గింజలున్నయి, బూరున్నది, నీళ్ళున్నయి. క్యాలరీ ఒక్కటి కనబడలేదు. తక్కువుంటయన్నది గదా, అందుకే కనబడ్తలేవేమో అనుకున్నదంట. మరి నూనెల మస్తున్నయంటే నూనె సీసను ఊపి జూసింది. అండ్లనూ లేవు. కంటికి కానరావు, చేతికి దొరకవు, నడుముకు మాత్రం ఎట్ల ఎరుకయితున్నయో! (ఓ సూరవ్వా, బీడీలు తర్వాత చుడుదువు గానీ, జర ఇటు ఇను. ఇక్కడికెల్లే అసలు ముచ్చట.)

అయినా పిల్ల మాట తప్పలేదు. పొద్దుగూకే యాళ్ళకు సొరకాయ ముక్కలు సన్నగ తరిగి, మూత పెట్టి ఆవిరికే మగ్గిచ్చి, ఒక్క చెంచా నూనెల జీలకర్ర, పచ్చిమిరపకాయ ఏసి కలిపేదంట. ఇంకోనాడు బీరకాయల పెసరపప్పు. గోరుచిక్కుడైతే ఉడకబెట్టి మీదికెల్లి చిటికెడు నువ్వులపొడి. వాడకట్టంత ఆ వాసనే. కూర దించుడు ఆలిస్యం, పక్కింటి ఐలవ్వ, అదే చంద్రాగౌడు పెండ్లాం, గిన్నె పట్టుకోని వచ్చేది. "అక్కా, జర మాంసం కూర వండిన, బావకు పెట్టు" అనేది. ఇంకోనాడు గారెలు, ఇంకోనాడు నెయ్యి బెల్లం కలిపిన మలీద ముద్దలు. ఇగ మన దిక్కు ఖాళీ గిన్నె తిరిగి పంపుతమా? పంపం. ఏదో ఒకటి ఏసి పంపాలె. కనకవ్వ ఇంట్ల ఏమున్నది? ఉన్నది సొరకాయ కూరే. అది తీసి ఐలవ్వ గిన్నె నిండ పెట్టేది. ఇగ ఇంట్ల మిగిలింది ఏంది? జొన్నరొట్టె, ఐలవ్వ మాంసం కూర. పారేస్తే పాపం గదా, మొగనికి పెట్టింది. మరి నర్సమ్మ మాట? నర్సమ్మ ఏమన్నది, నువ్వు వండేదాంట్ల అన్నది. ఇది నేను వండిందా? ఐలవ్వ వండింది. దీని క్యాలరీలు ఐలవ్వ లెక్కల పోతయి అనుకున్నదంట. ఆమె మనసుల ఏ కల్మషం లేదు, గట్లనే అనుకున్నది.

మరి ఐలవ్వతోటి ఇట్లిట్ల ఉన్నది, తేకే చెల్లె అనొచ్చు గదా అంటరు మీరు. ఎట్లంటది? మొగని నడుము తగ్గిచ్చి చెట్లు నిలబెట్టుకుంటున్న అని, ఆ చెట్లు దక్కేటి ఇంటితోనే చెప్తదా?

ముప్పై దినాలకు మల్ల తూకమేసిండ్రు. పోశాగౌడు రెండు కిలోలు పెరిగిండు. నర్సమ్మ మిషన్‌ను కొట్టి జూసింది, దిగమన్నది, మల్ల ఎక్కమన్నది. అదే రెండు కిలోలు. "ఏం పెట్టినవ్ కనకవ్వా?" "సొరకాయ వండిన, బీరకాయ వండిన. ఇగో ఈ చేతులతోటే వండిన, కన్నోళ్ళ తోడు." "నువ్వేం తిన్నవ్ పోశన్నా?" "ఇది పెట్టింది తిన్న." ముస్తాదు సందు ఇప్పుడు ఐదు వేళ్ళు.

ఆనాడు కనకవ్వకు తోవ తోవ లెక్క కనబడలేదు. ఇంటికొచ్చి బీరకాయ వండి, ఐలవ్వ గిన్నె తానే ఇచ్చొస్తనని పక్కింటికి పోయింది. పోతే ఏమున్నది, చంద్రాగౌడు పీట మీద కూసోని, ఈమె నిన్న పంపిన గోరుచిక్కుడు రొట్టెల అద్దుకోని తింటున్నడు. దవడలు లోపటికి పొయినయి, పొట్ట లేదు. గోడకు ఆయన ముస్తాదు యాలాడుతున్నది. వదులైందని దానికి పాత గుడ్డ చుట్టిండ్రు. "రా వదినె! నీ కూర లేకుంటే నాకు ముద్ద దిగుతలేదు. ఒళ్ళు అల్కగైంది, చెట్టు ఉడుత లెక్క ఎక్కుతున్న" అన్నడు. ఐలవ్వ ఈమెను అవుతలికి తీసుకపోయి చెవుల, "అక్కా, దాసకు. నెల దినాల సంది నీ ఇంట్లకెల్లి బువ్వ వాసన రాలే, రొట్టె, సొరకాయతోటే ఎల్లదీస్తున్నవ్. ఇంట్ల గింజలు లేవా? బావ కడుపు మాడకూడదనే రోజూ మాంసం తెస్తున్న. సిగ్గుపడకే" అన్నదంట. ఇగ కనకవ్వ నవ్వాల్నా, ఏడ్వాల్నా? వండింది తను, సన్నబడ్డది మరిది. వండింది చెల్లె, లావైంది మొగడు. ఎవలి ప్రేమ ఎవలి నడుముకు తాకిందో సమజ్ కాలేదు. పది దినాలే ఉన్నది.

పొద్దంత ఆలోచన జేసింది. గిన్నె వద్దంటే వరస తెగుతది. ఖాళీగ పంపితే మర్యాద పోతది. అయితే నా కూర ఏ ఇంటికి పోతే నా మొగడు గూడ ఆ ఇంటికే పోవాలె అనుకున్నది! "ఓయ్, ఇంటున్నవా, ఈ గిన్నె పట్టుకోని తమ్మునింటికి పో, ఆడనే తినిరా" అన్నది. ఆయనకేం సమజ్ కాలే, అయినా పెండ్లాం మాట, పోయిండు. ఐలవ్వ గుమ్మంల మనిషిని జూసి, అయ్యో, ఆఖరికి తినెటందుకే వచ్చిండు గదా పాపం అని కండ్లు తుడుసుకోని పీటేసింది. అట్ల పది దినాలు అన్నదమ్ములు పక్కపక్కకు కూసోని కనకవ్వ కూర తిన్నరు. ఐలవ్వ ఇచ్చిన మాంసం కూర గిన్నె కనకవ్వ ఇంట్లనే ఉండె. అది ఏమైందో అడగకుండ్రి, తర్వాత చెప్త.

కాటమయ్య పండుగ వచ్చింది. ఆ తాళ్ళ దేవునికి కోడిని కోసిండ్రు, కల్లు సాక పోసిండ్రు. పోశాగౌడు ముస్తాదు తీసిండు. చుట్టిండు. లాగిండు. రెండు వేళ్ళ సందు. ఊపిరి బిగబట్టిండు. రెండు వేళ్ళే. కనకవ్వ అటు తిరిగి కొంగు నోట్ల కుక్కుకున్నదంట. పెద్దలు, "చంద్రా, నువ్వు రా" అన్నరు. చంద్రాగౌడు ముందటికొచ్చిండు, మోకు పట్టుకున్నడు, నిలబడ్డడు, చెట్టు దిక్కు జూసిండు, అన్న దిక్కు జూసిండు. ఏమైందంటే, తన నడుముకున్న ముస్తాదు ఇప్పిండు, చుట్టిన గుడ్డ తీసి పారేసిండు, అన్న చేతుల పెట్టిండు. "ఇగో అన్నా, నాకు వదులు, నీది నాకు సరిపోతది. నలభై దినాలు వదినె కూర తిన్న. గిన్నె ఖాళీగ పంపితే ఎట్ల?" అన్నడు. ఐలవ్వకు అప్పుడు ఎరుకైంది ఆ ఇంట్ల గింజలు ఎందుకు ఉడకలేదో. "ఓసి అక్కా, ఒక్క మాట చెప్తే సొరకాయే వండి తెద్దును గదనే!" అని నెత్తి కొట్టుకున్నది.

ఇగ పోశాగౌడు ఎక్కిండు. సర్రు. సర్రు. నడుమ ఒక్కపారి ఆగింది సప్పుడు, కనకవ్వ పానం గూడ ఆగింది. మల్ల సర్రుమన్నది. మట్టల్ల చెయ్యేసి కిందికి జూసి నవ్విండంట. అంత పైకెల్లి నవ్వితే కనబడతదా అంటరు, ఆమెకు కనబడ్డది.

చెట్లు నిలబడ్డయి, అన్నదమ్ములు నిలబడ్డరు. ఆ మాంసం కూర సంగతి అడిగిండ్రు గదా. పారేస్తే పాపమని కనకవ్వే తిన్నది, పది దినాలు. పండుగ తెల్లారి ఆమె రవికె పట్టలేదు. నర్సమ్మ దగ్గరికి పోతే నర్సమ్మ తూకం రాసే కాగితం మడిచి లోపట పెట్టి, "మీ వాడకట్టుకు నేను చెప్ప" అన్నదంట. నాకూ సమజ్ కాలేదు తల్లీ, ఆ క్యాలరీలు ఏ ఇంట్లకెల్లి ఏ ఇంట్లకు పోయినయో. ఇయ్యాల బీరకాయ వండిన. గిన్నెలు తెచ్చుకుంటే తెచ్చుకోండ్రి గానీ, తిరిగొచ్చేటప్పుడు అండ్ల గారెలు మాత్రం పెట్టకుండ్రి. పెడితే వద్దనలేను.