మిషను నమిలిన టేపు

పాత కెమెరా టేపుల్లోని బొమ్మల్ని కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న దుకాణం. బల్లకి అవతల దుకాణం మాస్టారు. ఇవతల, అక్క ఇచ్చి వెళ్ళిన టేపు కోసం వచ్చిన తమ్ముడు.

"…నమిలిందంటే నమ్మరేం బాబూ! నా మిషనే. ముద్దముద్దగా నమిలేసింది."

"మొత్తమా?"

"మొత్తం. పదిహేడు నిమిషాలూ. ఫైలు ఫెయిలు."

"ఊఁ."

"ఊఁ ఏమిటండీ? ఇలాంటి కబురు చెబితే జనం బల్ల గుద్దుతారు. మీకు కోపం రావట్లేదా?"

"ఏమీ రావట్లేదు. అక్కకి మీరే చెప్తారా?"

"నేనే ఫోన్ చేసి చెప్తాను."

"మీ మిషను వల్లే అని?"

"నా మిషను వల్లే. మురికి దాని హెడ్డు మీద, తప్పు నా హెడ్డు మీద."

"రేపు మాట మార్చరుగా?"

"నాకు టేపులు మార్చడమే వచ్చు, మాట మార్చడం రాదు."

"ఓ కాగితం మీద రాసిస్తారా?"

"దానికేం. 'మిషను నమిలింది, మాస్టారు మింగుతున్నాడు' అని రాసి సంతకం పెడతాను. ఇదిగో."

"సరే. వస్తాను."

"మంచిది… ఏం బాబూ, ఇంకా నించున్నారు?"

"ఒక్కటి అడగాలి. అసలెలా ఎక్కిస్తారు మీరు? క్వాలిటీ పోకూడదని అక్క మరీ మరీ చెప్పింది. పాప పుట్టినరోజుకి వేసి చూపించాలట."

"పోదండీ. కొందరు టీవీలో బొమ్మ వేసి, ఎదురుగా ఫోన్ పెట్టి తీసుకుంటారు. అది జిరాక్సుకి జిరాక్సు. నేను కెమెరాకే కేబులు తగిలిస్తాను. టేపులో ఏ అంకెలుంటే ఆ అంకెలే కంప్యూటర్లోకి దిగుతాయి. కేబులు బాగుంటే కబుర్లు కూడా పొల్లుపోవు. పిండను, కుదించను. గంట టేపుకి పదమూడు జీబీలు, జేబులో పట్టే సరుకు కాదు."

"ఎంతసేపు పడుతుంది?"

"గంట టేపుకి గంటా పడుతుంది. తొందరపెడితే లొంగదు. నేనూ పక్కన కూర్చుని చూడాల్సిందే."

"అయితే చూశారు మీరు."

"ఏం చూశాను? నమిలేసిందన్నాగా!"

"మాస్టారూ, మా స్నేహితుడొకడు అడగమన్నాడు. ఒక టేపు మీద మళ్ళీ ఇంకోటి తీస్తే, కిందది బయటికొస్తుందా?"

"రాదు."

"ఎంత పెద్ద మిషను పెట్టినా?"

"ఎంత పెద్దదైనా. పలక తుడిచి రాశాక పాత అక్షరం ఎక్కడుంటుంది? ఇక ఆ ఆలోచన మానుకోమనండి, మీ స్నేహితుణ్ణి."

"ఆ టేపు ఓసారి ఇటివ్వండి."

"ఎందుకులెండి, చూడలేరు."

"ఇవ్వండి… మాస్టారూ, ఇది నలగనేలేదు."

"లోపల్లోపల నలిగింది."

"మూత ఎత్తే చూస్తున్నాను. ఒక్క ముడత లేదు."

"అయ్యా, టేపుల డాక్టరు మీరా, నేనా?"

"బయట ఆ ఎర్ర మోటారుసైకిలు కనిపిస్తోందా? దాని నంబరు చదవండి."

"నాకు దూరపు చూపు ఆనదు."

"ఈ టేపులో చదివే ఉంటారు. క్వాలిటీ పోదన్నారుగా."

"…ఇప్పటికీ అదే బండి నడుపుతున్నారా?"

"అమ్మాలనిపించలేదు. ఉంచుకోవాలనీ అనిపించలేదు."

"కూర్చోండి. ఆ స్టూలు ఊగుతుంది, గోడకి ఆనించుకోండి."

"బావ పోయిన రెండో నెల్లో కొన్నాను దాన్ని. అక్క బీరువాలో కెమెరా ఉంటే తీసుకెళ్ళి గోడ మీద పెట్టాను. అందులో టేపు ఉంది. వెనక్కి తిప్పి, బటన్ నొక్కి, బండెక్కాను. టేపులో ఏముందో చూళ్ళేదు."

"ఏముండేది?"

"బావ. పాపని భుజాన వేసుకుని ఇల్లంతా తిప్పుతాడు. ఇది కిటికీ, ఇది కుర్చీ, ఇది మీ అమ్మ, పొద్దున్నే కదిలిస్తే కరుస్తుంది, అంటూ. ఆయన గొంతు ఉన్నది అదొక్క దాంట్లోనే. పాపకి అప్పుడు ఎనిమిది నెలలు."

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"పాప మొదటి పుట్టినరోజుకి. అక్క టేపు వెయ్యమంటే, ముందుగా గదిలో నేనొక్కణ్ణే వేసి చూసుకున్నాను. బావ ఉండాల్సిన చోట నేనున్నాను, హారన్ కొడుతూ. కెమెరా పాడైందని చెప్పి బీరువాలో పెట్టేశాను."

"కాస్త మంచినీళ్ళు తాగండి. ఏడుపొస్తే ఏడవండి, ఇక్కడెవరూ లేరు."

"రాదు. పాపకిప్పుడు పన్నెండేళ్ళు. నాన్న గొంతు ఎలా ఉండేది మావయ్యా అంటుంది. నేను చెప్పులు వేసుకుంటాను."

"అందుకేనా, ఆ ఇంటికెళ్ళడం మానేశారు?"

"గుమ్మం దాకా వెళ్తాను. పనుందంటాను. ఆ సంగతి మీకెలా తెలుసు?"

"ఏదో… నోటికొచ్చింది, అనేశాను."

"మీ కాగితం మీరు తీసుకోండి. ఫోన్ ఓసారి ఇవ్వండి, నాదాంట్లో ఛార్జింగ్ లేదు. అక్కకి నేనే చెప్తాను."

"వద్దు బాబూ."

"మీకేంటండీ మధ్యలో? మీ దుకాణం పేరు పోతుంది."

"పోతే పోనివ్వండి. నా పేరేమైనా బోర్డు మీద బంగారంతో రాశారా? మిషనుకి నోరు లేదు, ఎంత తిట్టినా పడుంటుంది. దాని మీదికి తోసెయ్యండి."

"చెయ్యని తప్పు దాని మీదికెందుకు తొయ్యడం? పన్నెండేళ్ళు అయింది మాస్టారూ. ఫోన్ ఇవ్వండి."

"ఇవ్వను. మాటిచ్చాను."

"ఎవరికి?"

"మీ అక్కయ్యగారికి. మిషను నమిలిందని చెప్పమన్నది ఆవిడే. 'నింద మిషను మీదికి పోతే వాడు మళ్ళీ ఇంట్లోకొచ్చి కూర్చుంటాడు' అంది."

"అక్కా? మీరు వేసి చూపించారా దీన్ని?"

"వేస్తానంటే వద్దంది."

"చూడకుండా ఎలా తెలుస్తుంది? లేదు, అక్కకేమీ తెలీదు. మీరేదో పొరపాటు…"

"'తొమ్మిదిసార్లు బండి అటూ ఇటూ వెళ్తుంది, పదోసారి మలుపు దగ్గర పడతాడు, లేచి మోచెయ్యి చూసుకుని నవ్వుతాడు' అంది. ఆ మాట అనేటప్పటికి టేపు ఇంకా ఆవిడ సంచిలోనే ఉంది బాబూ."