చదవకూడని చీటీలు

ప్రార్థన మందిరం వెనక గదిలోకి బోధకుడి కూతురు పరుగున వచ్చింది. చేతిలో ఖాళీ పెట్టె. పాటల టీచరు తలెత్తి చూసింది.

“ఆంటీ, కొంప మునిగింది. నిన్న మన రహస్య గుంపు పిల్లలు మనసులో మాట రాసిన చీటీలు కాల్చేద్దామని చూస్తే, పెట్టె ఖాళీ. కంగారులో వాటిని సభలో ప్రార్థన చీటీలు వేసే పెట్టెలో వేయించేశాను.”

“అయ్యో! మీ నాన్న అవే మైకులో చదువుతున్నారే!”

“మొదటిసారి గుంపును నడిపించమంటే ఇలా చేశాను.”

“నీ చీటీ కూడా ఉందా?”

“ఉంది. ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని రాశాను. నా సంగతి వదిలేయండి. టైలరు గారి చిన్నది కూడా అదే రాసి, వద్దన్నా కింద పేరు పెట్టింది. ఇంట్లో తెలిస్తే దాన్ని బతకనివ్వరు.”

గోడ మీది స్పీకరులో తండ్రి గొంతు ఎవరి మోకాళ్ల నొప్పికో ప్రార్థన ముగించి, “తర్వాతి చీటీ” అంది.

“వెళ్లి ఆ పెట్టె లాక్కొస్తాను.”

“అందరి ముందా? ఏం చెప్తావే?”

“అవి మా గుంపు చీటీలని. ఏ గుంపంటే, అదీ చెప్తాను.”

“ఉండు, నేను వెళ్తా.”

“మీరు వెళ్తే మీ ఉద్యోగం పోతుంది. పిల్లల్ని నాకు కదా అప్పగించారు!”

“మీ నాన్న నిలదీస్తేనో?”

“నిలదీయనివ్వండి ఆంటీ. నా మీద అనుమానం వచ్చినప్పటి నుంచి అన్నం తిన్నావా అని కూడా అడగలేదు. ఇదైనా అడుగుతారు.”