ఆఖరి పన్ను

గాజువాకలో మ్యాట్నీ వదిలారు. సినిమా చూసి బయటికొస్తున్న ఆమెను, ఆ సినిమా తీసినతను మెట్ల దగ్గర నాలుగడుగుల దూరంలోనే ఆగి పలకరించాడు.

“వత్తావనుకోలేదు.”

“పోస్టర్ మీద నీ పేరు సూసొచ్చాను. సినిమాలో రోజుకో పన్ను పీక్కుని ఆ పిల్ల గుమ్మంలో పెట్టే హీరో అంటే నువ్వేనా?”

“నానే. ఉక్కునగరంలో మీ క్వార్టర్ ముందు మూడేళ్ళు నిలబడ్డాను కదా. అదే ప్రేమనుకున్నాను.”

“నీ బయానికి నాను కాలేజీ మానీసాను.”

“అప్పుడు తెల్దు. తలుపెనకాల ఆ పిల్ల ఏటి సేత్తంటాదో కథలో రాయాల్సొచ్చినప్పుడు తెలిసింది. తప్పంతా నాదే.”

“ఆఖరి పన్ను కూడా పెట్టీసి, వాడు ప్రేమిత్తన్నానంటే పళ్ళు లేక ఒక్క ముక్కా అర్థం కాదు. హాలంతా నవ్వింది. నానూ నవ్వాను. ఇన్నాళ్ళూ నువ్వు గుర్తొత్తే బయమే వచ్చీది.”

“ఇప్పుడేటి సేత్తన్నావు?”

“మళ్ళీ సదువుతన్నాను. డిగ్రీ ఆఖరేడు. అదిగో, నా బస్సొచ్చింది.”

“ఎల్లు. నాను ఇటేపు నడిసి పోతాను.”

“రేపు కూడా ఆడతాదా ఇది?”

“ఆడతాది. ఏం?”

“మా అమ్మని తీసుకొత్తాను. ఆ మూడేళ్ళూ ఆవిడా నాతోపాటు తలుపెనకాలే ఉంది. ఆవిడ కూడా నవ్వాలి.”