తూర్పుకు తిరిగి కూచున్న ఫొటో

"అవ్వా, పడమటికి తిరుగు, పొద్దు కిందికి దిగింది, ఫొటోకు ఎండ మొగాన బాగా పడుతుంది" అంటివా? తిరుగుతా లే అమ్మీ. ఆ ఎండ సంగతి నీకంటే ముందు నాకు తెలుసు. మా పెద్దనాయన అనే మహానుభావుడు నేర్పిచ్చి పోయినాడు.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా, మదరాసు గవర్నమెంటు. నాకు ఎనిమిదేండ్లు... కాదు, తొమ్మిది. మా నాయన లేడు, ఇంట్లో పెద్దనాయన మాటే మాట. మా అన్న పట్టాలంలో చేరినాడు, తెల్లారి బండికి పోవాల. "బిడ్డ మొగం చూసుకునేదానికి ఒక్క ఫొటో తీపీండి" అని మా అమ్మ ఏడిస్తే, గొర్రెపిల్లను అమ్మి గిద్దలూరు నుంచి ఫొటో ఆయన్ని పిలిపిచ్చినారు.

ఆయన మధ్యాన్నం దిగినాడు. "ఇప్పుడు తీస్తే కండ్లు గుంతల మాదిరి వస్తాయి, పొద్దు వాలనీండి" అని, రొట్టె తిని పండుకున్నాడు. గొర్రెలు ఇంటికొచ్చే యాళకు లేచి, "పడమటికి తిరిగి కూచోండి, మొగాలు కళగా వస్తాయి" అన్నాడు.

అంతే, మా పెద్దనాయనకు యాడ లేని శాస్త్రం గుర్తొచ్చింది. రోజూ మందకాడ ఏ దిక్కుకు తిరిగి తినేటోడో గానీ! "దూరం పొయ్యే పిల్లోణ్ని కుంకే పొద్దుకు ఎదురుగా కూచోబెడతావా? తూర్పుకే తిరగాల" అన్నాడు. "అయ్యా, ఎండ యీపున పడితే మొగాలు మసి అయితాయి" అని ఫొటో ఆయన బతిమాలినాడు. వింటేనా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మా అమ్మ తలుపు చాటు నుంచి, "బావా, పిల్లోణ్ని ఒక్కణ్ని అన్నా ఇటు తిప్పండి" అనింది. ఒక్క చూపు చూసినాడు. పాపం, మా అమ్మ లోపలికి పోయింది. ఫొటో ఆయన కెమెరాకు ఎండ తగలకుండా టోపీ అడ్డం పెట్టి, ఎట్లనో తీసి పోయినాడు.

నెలకు ఫొటో వచ్చింది. ఏముంది? వరసగా బొగ్గు మొద్దులు! పెద్దనాయన అంత మెలేసుకున్న మీసం కూడా కనపళ్ళా. తప్పు తనదని మాత్రం ఒప్పుకోడు. "వాని ఫొటో డబ్బా మంచిది కాదు" అని ఊరంతా చెప్పుకున్నాడు, సిగ్గు లేకుండా.

మా అన్నవి దొప్ప చెవులు. యెనకనుంచి పడిన ఎండకు ఆ చెవులు రెండే తెల్లగా మెరుస్తాండాయి. "ఇదో, వీడే నా కొడుకు" అని మా అమ్మ వాటి మీద వేలు పెట్టుకోని కూచునేది.

అన్న రాలేదు. పట్టాలం నుంచి కాయితం వచ్చింది. తూర్పుకు తిరిగి కూచున్నోడు బతికొచ్చినాడా? మా అమ్మ పొయ్యేదాకా ఆ చెవులే చూసుకునింది. ఒకసారి అనింది, "పాపా, నీ అన్న నవ్వితే ఎట్ల ఉండేటోడే? నాకు గుర్తుకు రావడం లేదు" అని.

సరే, తియ్యి. పొద్దు కండ్లల్లో పడుతోంది, పడనీ. తల మీది కొంగు తియ్యమంటావా? తీసినా. నవ్వమంటావా? నవ్వుతా. నువ్వు చల్లగుండు తల్లీ, రేపు నీ బిడ్డలు అడిగితే, అవ్వ మొగం ఇట్ల ఉండేదని...