మొదటి మ్యాచ్ ఎవరితో

ఆటసామాన్ల గదిలో కూర్చుని కోచ్ మేడమ్ నెట్‌కి పడిన చిరుగు కుడుతున్నారు. కాలేజీ వాలీబాల్ జట్టు కెప్టెన్ తలుపు దగ్గరే నిలబడింది.

"మేడమ్, మన టోర్నమెంటుకి ఆ ఛాంపియన్లని ఎందుకు పిలిచారు? మనల్ని ఉతికి ఆరేస్తారు."

"మరెవర్ని పిలవమంటావ్? పోయినేడు వచ్చినవాళ్ళనేనా? వాళ్ళకి సర్వీసు వెయ్యడమే సరిగ్గా రాదు."

"గెలిచాం కదా!"

"గెలిచాం. ఎవరి మీద గెలిచారని సెలెక్టర్లు అడిగితే ఆ పేర్లు చెప్పుకోడానికి నాకే సిగ్గేసింది. నువ్వు యూనివర్సిటీ జట్టులోకి వెళ్ళాలంటే గట్టివాళ్ళతో ఆడటం వాళ్ళు చూడాలే తల్లీ."

"ఓడితే మా అమ్మ ఆట మాన్పించేస్తుంది మేడమ్. గెలిచినన్నాళ్ళే ఆడమంది. ఆవిడ మాటంటే మాటే."

"వాళ్ళని పిలవకపోతే సెలెక్టర్లు రారు. పిలిస్తే మీ అమ్మగారు ఊరుకోరు. బాగానే ఇరికించావ్ నన్ను."

"ఇరుక్కుంది నేను మేడమ్! పోనీ, వాళ్ళతో మ్యాచ్ రెండో రోజుకి మార్చండి. అమ్మకి సెలవు మొదటి రోజే."

"సెలెక్టర్లు వచ్చేదీ మొదటి రోజే."

కెప్టెన్ లోపలికి వచ్చి, మేడమ్ కుట్టడానికి వీలుగా నెట్ అంచు బిగించి పట్టుకుంది.

"అయితే అలాగే ఉంచండి. మా అమ్మకి మీ పక్కనే కుర్చీ వెయ్యండి. నేను ఓడిపోతుంటే, ఎంత బాగా ఆడి ఓడుతున్నానో ఆవిడకి మీరే చెప్పాలి."

"వేస్తాలే. కూర్చుంటారా ఆవిడ?"

"కూర్చోదు. నిలబడే చూస్తుంది. మీరూ నిలబడండి మేడమ్."