గుర్రం దగ్గు, బావగారి పరువు

బావగారి గుర్రపుశాలలో అడుగుపెట్టగానే పశువుల డాక్టరుకి కళ్ళు మండాయి. గుర్రం ఆగకుండా దగ్గుతోంది.

"కిటికీలన్నీ ఎందుకు బిగించారు బావగారూ?"

"దగ్గు పక్కింటికి వినపడితే? గుర్రం కొన్నాడుగానీ సాకడం చేతకాదంటారు!"

"ఇది జలుబు కాదండీ. బూజుగడ్డి దుమ్ము, ఉచ్చ ఘాటు! ఆ గడ్డి పారేసి, మంచిది తడిపి పెట్టండి. గాలి రానివ్వండి. లేకపోతే ఊపిరితిత్తులు పాడై చస్తుంది."

"అక్క మొగుడికే పాఠాలా? ఏదో సిరప్ రాసిచ్చి పోరా!"

డాక్టరు గుర్రాన్ని బయటికి నడిపించి, బావగారిని లోపలే వదిలి గడియపెట్టాడు. కాసేపటికి లోపల దగ్గు మొదలైంది.

"ఒరేయ్, తలుపు తియ్యరా! ఊపిరాడట్లేదు!"

"మెల్లగా దగ్గండి బావగారూ, పక్కింటివాళ్ళు వింటారు."